టేపత్త కొలతల పుస్తకాలు

మా మేనత్తను బడి పిల్లలందరూ టేపత్త అని పిలుస్తారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు ఈ వీధిలో లేరు. అన్నం తినేటప్పుడు దాన్ని వీపు మీదికి తోసుకుంటుందే గానీ తీసి పక్కన పెట్టదు. మా నాన్నకు సొంత అక్క. వయసు యాభై ఎనిమిది. బడి గేటుకు ఎదురుగా ఉన్న ఒంటి గదిలో ఇరవై ఆరేళ్ళుగా బడి బట్టలు కుడుతోంది. నేను ఆ గదిలో తొమ్మిదేళ్ళుగా ఆమె పక్కన కుడుతున్నాను.

గదిలో మూడు మిషన్లు ఉండేవి. గుమ్మం పక్కది అత్తది. వచ్చేపోయేవాళ్ళను పలకరించకపోతే ఆమెకు కుట్టు సాగదు. కిటికీ కిందది నాది. ఎవరూ పలకరించకపోతే నాకు కుట్టు బాగా సాగుతుంది. మూడోది గోడవారన పాత దుప్పటి కప్పుకొని ఉండేది. నిరుడు ఎవరో టైలరు కొట్టు మూసేస్తుంటే అత్త దాన్ని కొనుక్కొచ్చింది. "చవగ్గా వస్తే మా అక్క ఏనుగునైనా కొంటుంది. కట్టేసే చోటు తరవాత వెతుక్కుంటుంది" అన్నాడు నాన్న.

అత్త బడికి వెళ్ళలేదు. అంకెలు వచ్చు, అక్షరాలు రావు. ఏటా సెలవుల్లో పిల్లలు కొలతలివ్వడానికి వస్తారు. ఏడాదికో పుస్తకం. అందులో పేర్లుండవు. ఒక్కొక్కరికి ఒక బొమ్మ, పక్కన పొడుగు, ఛాతీ, భుజం, చెయ్యి. ఒకటో తరగతిలో చేరేటప్పుడు మనిషిని ఒకసారి కిందినుంచి పైదాకా చూసి బొమ్మ వేసేస్తుంది. కుదురుగా నిలబడనివాడు కప్ప. ఎప్పుడూ ముక్కు కారేవాడు కొళాయి. తల దువ్వుకోనిది చీపురు. బడి వదిలేదాకా ఆ బొమ్మ మారదు. ఏడాది చివర పాత బొమ్మలన్నీ వరసగా కొత్త పుస్తకంలోకి ఎక్కించేస్తుంది. పిల్లలు వచ్చినప్పుడు అంకెలు నింపుతుంది. "పేరెందుకే? పేరుకి చొక్కా తొడుగుతామా?" అంటుంది.

ఈ ఏడు పరీక్షలకు నెలముందు, ఒక మధ్యాహ్నం, బడిలోంచి బస్తా జారిపడ్డట్టు చప్పుడైంది. మేడమెట్లలో ఒకటి విరిగి కిందపడింది. పిల్లలు తరగతుల్లో ఉన్నారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మేస్త్రీ వచ్చి మిగతా మెట్లను సుత్తితో కొట్టి చూశాడు. "ఇవి మెట్లు కావండీ, బిస్కెట్లు. మీరు ఇన్నాళ్ళూ అదృష్టం మీద ఎక్కి దిగుతున్నారు" అన్నాడు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు మేడమీదే. పై ఆఫీసు నుంచి వారంలో కాగితం వచ్చింది. ఈ ఏడు ఇవ్వడానికి డబ్బు లేదు. బడి తెరిచేలోగా కొత్త మెట్లు కట్టుకోకపోతే ఆ మూడు తరగతులనూ పెద్ద రోడ్డు అవతలి బడికి మార్చేస్తారు. అక్కడికి రెండు బస్సులు మారాలి. మేస్త్రీ వేసిన లెక్క రెండు లక్షల నలభై వేలు.

మా చెల్లెల్ని ఇంట్లో చిన్నది అంటాం. అప్పుడు అయిదో తరగతి.

కాగితం వచ్చిన మర్నాడు నాన్న భోజనాల వేళ కొట్టుకొచ్చాడు. ఆయన సరుకుల వ్యాను నడుపుతాడు, ఆ వేళప్పుడు రావడం అరుదు. కూర్చోకుండానే మూడో మిషను మీది దుప్పటి ఎత్తి, చక్రం ఒకసారి తిప్పి చూశాడు.

"బాగానే తిరుగుతోందే అక్కా."

అత్త నోట్లో గుండుసూదులు ఉన్నాయి. అవి ఉన్నంతసేపూ ఆమె మాట్లాడదు.

"చిన్నది వచ్చే ఏడు ఆరుకొస్తుంది. రెండు బస్సులంటే మాటలా? నేను ఆరింటికి బండి తీస్తాను. వాళ్ళమ్మ ఎక్కడ దిగబెట్టి రాగలదు? ఊరికే ఇంట్లో కూర్చోబెట్టే బదులు దీనిమీద కూర్చోబెడితే పనైనా వస్తుంది. పెద్దదానికి రాలేదా ఏం?"

పెద్దదాన్ని నేనే. తల ఎత్తకుండా కాజా కుట్టుకుంటున్నాను. నాన్న చెడ్డవాడు కాదు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం కూడా లేదు. అత్త ఏమంటుందా అని చూశాను. నాన్న మెట్లు దిగి, వ్యాను తీసి, మలుపు తిరిగేదాకా ఆమె నోట్లోంచి ఒక్క సూదీ తీయలేదు.

తరవాత అన్నీ తీసి డబ్బాలో వేసి, "బడిలో మీటింగంట. ఎప్పుడో కనుక్కుందాం పద" అంది.

"మనల్ని పిలవలేదు కదత్తా."

"గుండీ ఊడితే నేను పిలిస్తేనే వస్తున్నారా నా దగ్గరికి?"

మీటింగులో హెడ్మాస్టరుగారు, లెక్కల టీచరు, మరో పదిమంది తల్లిదండ్రులు ఉన్నారు. తల్లిదండ్రుల దగ్గర వసూలైంది ముప్పై ఎనిమిది వేలు. గేటు దగ్గర పెట్టిన చందా డబ్బాలో పదిరోజులకు నాలుగువేల వంద, ఒక వాడేసిన బస్సు టిక్కెట్టు. ఆటల పోటీ పెడదామన్నారు ఒకరు. లాటరీ అన్నారు ఇంకొకరు. "లాటరీలో గెలిచినవాడికి ఏమిస్తాం, పడిన మెట్టా?" అంది లెక్కల టీచరు. ఆవిడ మాటలు ఎప్పుడూ శేషం మిగలకుండా ఉంటాయి.

హెడ్మాస్టరుగారు పాత విద్యార్థులకు ఉత్తరాలు రాద్దామన్నారు. ఆ మాట బాగుంది గానీ పాత రిజిస్టర్లన్నీ నాలుగేళ్ళ కిందటి వానకు బీరువాలోనే తడిసి ముద్దలైపోయాయి.

"పాత విద్యార్థులంటే ఎవరండీ? పట్టిక ఏదీ?" అంది లెక్కల టీచరు.

అత్త లేచి నిలబడింది. "నా దగ్గరుంది. ఇరవై ఆరేళ్ళ పుస్తకాలు. ఒక్క పిల్లా, ఒక్క పిల్లాడూ తప్పిపోలేదు."

గదిలో చప్పట్లు మోగాయి. నేను ఆమె కొంగు పట్టుకుని లాగాను. నలుగురిలో నాకు గొంతు పెగలదు, లాగడం ఒక్కటే చేతనవుతుంది. "ఉండవే" అని అత్త చెయ్యి విదిలించుకుంది. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె మనసులో ఆ పుస్తకాల నిండా మనుషులే. బొమ్మ చూసి పక్కవాళ్ళకు మనిషి కనబడడన్న సంగతి ఇరవై ఆరేళ్ళలో ఆమెకు తట్టలేదు. తట్టే అవసరం రాలేదు.

హెడ్మాస్టరుగారు ఆ సాయంత్రమే ఆరువందల కవర్లు కొన్నారు. మర్నాడు లెక్కల టీచర్ని వెంటబెట్టుకుని, కొత్త కలం జేబులో పెట్టుకుని మా కొట్టుకొచ్చారు. అత్త ట్రంకుపెట్టె తెరిచి మొదటి పుస్తకం ఆయన చేతికిచ్చింది. ఆయన పేజీ తిప్పారు. ఇంకో పేజీ తిప్పారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"టైలరమ్మగారూ, ఇదేంటండీ?"

"కప్ప."

"అదే, కప్ప అని తెలుస్తోంది. పేరు?"

"చెప్పానుగా. కప్ప. వాడి పక్కన గొడుగు, ఆ కిందది కొళాయి. కొళాయికి జలుబు ఎనిమిదో తరగతిలో గానీ తగ్గలేదు."

లెక్కల టీచరు పుస్తకం అందుకుని కాసేపు చూసింది. "సార్, కవర్ల మీద 'శ్రీ కప్పగారికి' అని రాద్దామా?"

హెడ్మాస్టరుగారు నవ్వలేదు. ఆరువందల కవర్లు ఆయన సొంత డబ్బుతో కొన్నవి. "పరవాలేదులెండి" అని లేచి వెళ్ళిపోయారు. ఆయన గేటు దాటేదాకా చూసి, అత్త పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమె అలా చేతులు ఖాళీగా పెట్టుకు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

మూడురోజులపాటు వీధి వీధంతా మా కొట్టు ముందు ఆగి వెళ్ళింది. "ఏం టేపత్తా, కప్పనుంచి జవాబొచ్చిందా?" అనేవాళ్ళు. నాన్న కూడా, "ఏమక్కా, గొడుగుకి కబురంపావా?" అన్నాడు. మామూలుగా అయితే ఒకటికి నాలుగు అప్పజెప్పేది. ఆ మూడురోజులూ నోట్లో సూదులు పెట్టుకునే ఉంది.

నాలుగోరోజు జిరాక్సు షాపతను ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వచ్చాడు. పుస్తకం ఇంకా బల్లమీదే తెరిచి ఉంది. కొలత ఇస్తూ ఇస్తూ అటు చూసి, వంగి, ఒక బొమ్మ మీద వేలు పెట్టాడు. రెండు పెద్ద చెవులు, మధ్యలో తల లేదు.

"ఇది నేనే కదత్తా?"

"నువ్వే. ఇంకెవడికున్నాయి అలాంటివి?"

అతను ఆ చెవుల పక్కన ఉన్న అంకెలు పైకి చదివాడు. ఛాతీ ఇరవై రెండు. తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాడు. తగ్గించాల్సిన ప్యాంటు అక్కడే వదిలేసి, షాపు మూసి, భార్యనూ కూతుర్నీ వెంటబెట్టుకొచ్చి చూపించాడు. "నాన్న ఇంతే ఉండేవాడు, చూడు" అన్నాడు కూతురితో. వెళ్ళేముందు ఆ పేజీ జిరాక్సు తీసుకుంటానని బతిమాలాడు.

వాళ్ళు వెళ్ళాక అత్త నావైపు తిరిగింది. "వీడు ముప్పై రెండేళ్ళ గాడిద. బేరాలు వదులుకుని మళ్ళీ వచ్చాడు, తన చెవులు చూసుకోడానికి."

"అవునత్తా."

"వాళ్ళెవరో మనకి తెలియకపోతే ఏం? వాళ్ళకి తెలుసుగా! వాళ్ళనే వచ్చి చెప్పమందాం."

పథకం అంతా ఆ మాటలోంచే పుట్టింది. లెక్కల టీచరు దాన్ని కాగితం మీద పెట్టింది. పరీక్షలయ్యాక, జీతాలు అందిన తరవాతి ఆదివారం. బడి ఆవరణలో తాళ్ళు కట్టి పుస్తకాల్లోని పేజీలన్నీ వేలాడదీస్తారు. పాత విద్యార్థులు వచ్చి తమ బొమ్మను తామే వెతుక్కోవాలి. దొరికితే అత్త దగ్గరకొచ్చి చెప్పాలి. ఆమె ఒప్పుకుంటే, మూడువందలు చందా ఇచ్చి, ఆ బొమ్మ కుట్టిన బడి చొక్కా జేబు ఒకటి తీసుకువెళ్ళొచ్చు. జేబు ఒకటో తరగతి కొలతది, మూడువేళ్ళు పడితే ఎక్కువ. ఆ జేబులకు గుడ్డ కొననక్కర్లేదు. ఇరవై ఆరేళ్ళ తెల్లగుడ్డ ముక్కలు అత్త అటక మీద మూటలుగా ఉన్నాయి. జేబు పెట్టి ఇవ్వడానికి కవర్లూ ఉన్నాయి, ఆరువందలు. ఆ సంగతి లెక్కల టీచరు చెప్పగానే హెడ్మాస్టరుగారు మొదటిసారి నవ్వారు.

పుస్తకాలు చింపడానికి మాత్రం అత్త ఒప్పుకోలేదు. "మనుషుల్ని చింపుతామా?" అంది. పేజీలన్నీ జిరాక్సు తీయాలి. చెవులాయన కాగితం ఖర్చు మాత్రం తీసుకున్నాడు. ముప్పై బొమ్మలు ఏరి ఒక పెద్ద కాగితం మీద వేసి, పైన 'వీళ్ళెవరు?' అనీ, కింద 'మీరే అయితే ఆదివారం బడికి రండి' అనీ రాసి, బస్టాపులో, మంగలి షాపులో, కూరగాయల బజారులో, బ్యాంకులో నించునేచోట అంటించాం. మంగలి షాపులో పెట్టడం అత్త ఆలోచన. "అక్కడ మనిషి కదలడానికి లేదు. ఎదురుగా ఉన్నది చూసి తీరాలి" అంది. రెండోరోజుకల్లా అది ఫోన్లలో తిరగసాగింది. వేరే ఊళ్ళనుంచి బడికి ఫోన్లొచ్చాయి: "కప్పను నేననుకుంటున్నాను సార్, ఎవరైనా ముందే వచ్చేశారా?"

పేజీలు ఏడాదివారీగా సర్దే పని నాది. ఆ పనిలో ఉండగానే ఖాళీ వరసలు కనిపించాయి. కొన్ని బొమ్మల పక్కన అంకెలు లేవు. అత్త ముందే బొమ్మ ఎక్కించి ఉంచింది, ఆ ఏడు పిల్ల రాలేదు. చీపురు అయిదో తరగతి దాకా ఉంది, ఆరులో ఒట్టి చీపురు. ఆ తరవాతి ఏడు చీపురే లేదు. ఇలాంటివి చాలానే ఉన్నాయి, ఎక్కువ ఆడపిల్లలవి. తొమ్మిదేళ్ళ కిందటి పుస్తకంలో ఎనిమిదో తరగతి పేజీలో ఒక పిల్లి ఉంది. పక్కన గీతలు గీసి ఉన్నాయి, అంకెలు లేవు.

పిల్లి నేను. అడుగుల చప్పుడు వినబడదని ఆ బొమ్మ వేసింది.

అత్త నా భుజం మీదుగా చూస్తోందని కాసేపటికి గానీ గమనించలేదు.

"మీ అమ్మ మంచంలో ఉన్న ఏడు అది. మీ నాన్న నిన్ను మాన్పించేస్తానన్నాడు. మానిపించొద్దని నేనూ అన్నాన్లే, ఓసారి. తరవాత, సరే నా దగ్గర కూర్చోబెట్టు, పనన్నా నేర్చుకుంటుంది అన్నాను. మంచిపని చేశాననుకున్నా."

"మంచిదేగా అత్తా. పని వచ్చింది."

"రెండో మిషను ఊరికే ఉంది అప్పుడు." దారం తెంపుతూ అంది. "అది లేకపోతే మీ అమ్మ లేచాకైనా బడికి పంపేవాడేమో. ఖాళీ పీట కనబడితే ఎవరో ఒకరిని కూర్చోబెట్టాలనిపిస్తుంది మనుషులకి."

ఇద్దరం మూడో మిషను వైపు చూడలేదు. ఖాళీ వరసలున్న పేజీలు వేలాడదీయాలా వద్దా అని అడిగాను. "అన్నీ పెట్టు. వాళ్ళూ వస్తారేమో" అంది.

ఆదివారం తొమ్మిదికి మొదలుపెడదామనుకున్నాం. ఎనిమిదింటికే గేటు ముందు యాభైమంది. నాలుగు వరసల తాళ్ళ కింద జనం తలలు పైకెత్తి, కళ్ళు చికిలించి, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ వెతుకుతున్నారు. అత్త వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పక్కన బల్ల దగ్గర లెక్కల టీచరు డబ్బూ చీటీలూ. వెనకాల నా మిషను. బొమ్మలు ముందు నీలం సుద్దతో గీసి, మిషను మీద గీత వెంట కుట్టేస్తే ఒక్కో జేబు ఏడెనిమిది నిమిషాల్లో అయిపోతుంది. వంద జేబులు ముందే కుట్టి పెట్టుకున్నాం, చాలనుకున్నాం. పదింటికి అయిపోయాయి. లెక్కల టీచరు ఇంకేమీ అడక్కుండా చీటీల మీద 'రెండు వారాల తరవాత' అని రాయడం మొదలుపెట్టింది.

బ్యాంకు క్యాషియరొకాయన వచ్చి అత్త ముందు నిలబడి, "నేను సింహం అనుకుంటానండి" అన్నాడు.

"సింహం లేదు నాయనా నా పుస్తకాల్లో. వెనక్కి తిరుగు." ఆయన తిరిగాడు. "కుడి భుజం దిగింది. నువ్వు త్రాసువి."

ఆయన వెళ్ళి వెతికితే త్రాసు దొరికింది.

గొడుగు తనదంటే తనదని ఇద్దరు అన్నదమ్ములు వాదించుకుంటూ వచ్చారు. ఒకాయన బాగా లావు, ఇంకొకాయన ఈనెపుల్ల. "ఇద్దరిదీ" అంది అత్త. "ఏడాది తేడాగానీ ఒకటే కొలత. ఒకణ్ణి కొలిచి రెండు చొక్కాలు కుట్టేసేదాన్ని. ఇప్పుడు అలా చేస్తే ఒకడికి చొక్కా, ఒకడికి డేరా." ఇద్దరూ రెండు జేబులు కొన్నారు.

కొళాయి ఒక డాక్టరు. చీపురు కూడా వచ్చింది. ఇప్పుడు తల నున్నగా దువ్వుకుని, ముగ్గురు పిల్లల్ని తీసుకుని. ఆరో తరగతి పేజీ ముందు ఆమె చాలాసేపు నిలబడింది. తరవాత బల్ల దగ్గరికొచ్చింది. మూడువందలు బల్లమీద పెట్టి, ఇంకో రెండువందలు దాని పక్కన పెట్టి, "మెట్లు గట్టిగా కట్టించండి" అని వెళ్ళింది.

మధ్యాహ్నం ఇనపసామాన్ల కొట్టు షావుకారు వచ్చాడు. అందరూ పక్కకు జరిగారు. నెల కిందట హెడ్మాస్టరుగారు ఆయన దగ్గరికి ఇనుము అడగడానికి వెళ్తే, "ఆ బడి నాకేమిచ్చింది సార్, దెబ్బలు తప్ప?" అని టీ తాగించి పంపేశాడు. ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని, సరుకు చూసుకుంటున్నట్టు తాళ్ళ వెంట నడుస్తున్నాడు. ఒకచోట ఆగాడు.

"ఈ గుండుసూది ఎవరమ్మా?" అక్కణ్ణుంచే గట్టిగా అడిగాడు.

నాకు తెలుసు. పేజీలు సర్దేటప్పుడు అత్త చెప్పింది. ఆ పిల్లాడి చొక్కాకు గుండీలుండేవి కావు. వాళ్ళమ్మ గుండుసూదులు గుచ్చి పంపేది. మొదటిసారి కొలత తీస్తుంటే అత్త వేలికి గుచ్చుకుంది. అయిదేళ్ళపాటు ఆమె వాడికి మిగులు ముక్కలు అతికి చొక్కాలు కుట్టిచ్చింది, డబ్బు అడగలేదు. చుట్టూ యాభైమంది వింటున్నారు. నేను మిషను ఆపేశాను.

"నువ్వే నాయనా" అంది అత్త. "కొలత తీసేటప్పుడు గుండుసూదిలా నిటారుగా నిలబడేవాడివి. మిగతా కోతులకు చెప్పి చెప్పి నా నోరు పడిపోయేది. నీకు ఒక్కసారి కూడా చెప్పలేదు."

జనం నవ్వారు. షావుకారు నవ్వలేదు. నెమ్మదిగా దగ్గరికొచ్చి, వంగి, ఇంక ఎవరికీ వినబడకుండా అడిగాడు. "నా చొక్కా వీపు మీద అతుకు ఉండేది కదత్తా?"

"అందరికీ ఉండేది" అంది అత్త.

ఎవరికీ ఉండేది కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసనుకుంటాను. జేబుకు మూడువందలు ఇచ్చి చీటీ తీసుకున్నాడు. వరసలో తన వెనక ఉన్నవాళ్ళకు దారిచ్చి, హెడ్మాస్టరుగారి వైపు వెళ్ళాడు. "సార్, మేస్త్రీని రేపు నా కొట్టుకి పంపండి. ఇనుమూ సిమెంటూ నేను దింపిస్తాను. లెక్క రాయొద్దు."

సాయంత్రం అయిదుకి లెక్కల టీచరు రెండుసార్లు లెక్కపెట్టి, మూడోసారి నా చేత పెట్టించింది. నాలుగువందల పన్నెండు జేబులు. ఎక్కువ ఇచ్చినవాళ్ళదీ, ముందు వసూలైందీ, ఇనుమూ సిమెంటూ ఖర్చు తప్పిందీ కలుపుకుంటే మేస్త్రీ చెప్పినదానికి సరిపోయి కొంచెం మిగిలింది. హెడ్మాస్టరుగారు మైకులో ఆ మాట చెప్పబోయి, కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు. మైకు లెక్కల టీచరు అందుకుంది. "మెట్లు వస్తున్నాయి. జేబులు రెండు వారాల తరవాత. కుర్చీలు ఎవరివి వాళ్ళు లోపల పెట్టి వెళ్ళండి" అని చెప్పి ఆపేసింది. అత్త చప్పట్లు కొట్టలేదు. ఆమె చేతుల్లో తాళ్ళనుంచి విప్పిన పేజీలు ఉన్నాయి.

ఆ తరవాత రెండు వారాలు మూడువందల పన్నెండు జేబులు కుట్టాం. నాకు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కప్ప కాళ్ళు గీయడం వచ్చు.

మెట్లు లేచాయి. అయితే మేస్త్రీ లెక్కలో ఒకటి మరిచిపోయాడు. మెట్ల పక్కన పట్టుకోవడానికి కడ్డీ లేదు. అది లేకపోతే ఇంజనీరు సంతకం పెట్టడు. మిగిలిన కొంచెం దానికి చాలదు. మళ్ళీ షావుకారునే అడుగుదామని హెడ్మాస్టరుగారన్నారు. "నిలబెట్టి రెండుసార్లు కొలవకండి మనిషిని" అంది అత్త.

బడి తెరవడానికి వారం ముందు నాన్న కొట్టుకొచ్చాడు. ఈసారి మొహం తేటగా ఉంది. ఇంజనీరు సంతకం పెట్టాడు, తరగతులు ఇక్కడే ఉంటాయి. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"నెగ్గావు అక్కా! చదువుకోనీలే చిన్నదాన్ని, ఎదురుగానే కదా బడి. అయితే ఒకటి. సాయంత్రం బడి వదలగానే ఇటే వస్తుంది, ఓ రెండు గంటలు దానిమీద కూర్చుంటే పని కూడా..."

అత్త నోట్లోంచి సూదులు తీసింది. ఒకటి, రెండు, మూడు.

"దేనిమీద రా?"

నాన్న గోడవైపు చూశాడు. అక్కడ దుప్పటి మడతపెట్టి ఉంది. నేల మీద మిషను కాళ్ళు ఆనిన చోట నాలుగు తెల్ల గుర్తులు.

"ఏదీ?"

"అమ్మేశాను."

"ఎప్పుడు? ఎవరికి?"

"కొనుక్కునేవాళ్ళకి. మెట్లకి కడ్డీ లేదన్నారు. పిల్లలు పడతారు."

"మంచి మిషను కదా అక్కా, ఎందుకమ్మావు? చవగ్గా వచ్చిందని నువ్వేగా..."

"ఏనుగురా. కట్టేసే చోటు దొరకలేదు."

నాన్న ఆ నాలుగు గుర్తులకేసి కాసేపు చూశాడు. తరవాత నాకేసి చూశాడు. నేను ఈసారి తల దించుకోలేదు. ఆయన వ్యాను తాళాలు వేలికి తిప్పుకుంటూ, "సరేలే" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి, "దానికి కొత్త చొక్కా కుట్టాలిగా, సాయంత్రం పంపుతాను" అన్నాడు.

సాయంత్రం చిన్నది వచ్చింది. దాని బొమ్మ తూనీగ. అత్త టేపు మెడలోంచి తీసి దాన్ని నిలబెట్టింది. నిలబడితేగా! మెట్ల కడ్డీ ఆకుపచ్చ రంగట, ఇంకా తడిగా ఉందట, ఎవరో ముట్టుకుంటే చెయ్యంతా అయిందట. ఆ ఎవరో ఎవరన్నది దాని అరచెయ్యి చూస్తే తెలుస్తోంది.

కొత్త పుస్తకంలో ఆరో తరగతి పేజీలో తూనీగ ముందే ఉంది. అత్త చెబుతుంటే పక్కన అంకెలు నేను వేశాను. పొడుగు ఇరవై ఒకటి. ఛాతీ ఇరవై ఆరు. భుజం పన్నెండు. చెయ్యి ఏడు.

గుడ్డ బల్లమీద పరిచి సుద్ద తీసుకున్నాను. కింద మడతకు మామూలుగా అంగుళం వదులుతాం. గీత గీయబోతుంటే అత్త తన మిషను మీంచే చూసింది.

"మూడంగుళాలు వదులు" అంది. "ఎనిమిది దాకా రావాలి."